ఒంటరిగా వదలొద్దు

చైత్ర కుడికాలు గాలిలో గుండ్రంగా తిరిగి వచ్చేసరికి శ్రీరంగప్ప చేతులు రెండూ నడుము దాకా దిగి ఉన్నాయి. మరుక్షణం అతను మ్యాట్ మీద వెల్లకిలా పడి ఉన్నాడు.

ఆదివారం పొద్దుటి క్లాసు. హాల్లో అందరూ ఆగిపోయారు.

ఎనిమిది నెలల్లో ఎప్పుడూ ఇలా జరగలేదు. హొసూరు బస్టాండు వెనక, మేడ మీది ఆ కిక్‌బాక్సింగ్ క్లాసులో గార్డ్ అంటే శ్రీరంగప్పదే. పిడికిళ్లు చెంపల దగ్గర, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, గడ్డం లోపలికి. కొత్తగా చేరినవాళ్లకు మాస్టర్ తమిళ్‌సెల్వి అతన్నే చూపించేది.

"అన్నను చూసి నేర్చుకోండి. ఆయన్ను కొట్టినోళ్లు ఈడ ఎవురూ లేరు."

నలభై ఆరేళ్ల మనిషి. షుగర్ వచ్చింది, ఒళ్లు కదలాలని డాక్టరు చెబితే చేరాడు. కావేరిపట్టణం పక్క పల్లె నుంచి పాతికేళ్ల కిందట లేత్ పనికి వచ్చి, ఫ్యాక్టరీ దగ్గరే ఒంటిగది అద్దెకు తీసుకుని ఉండిపోయాడు. పెళ్లి మాట కొన్నాళ్లు ఎవరో ఒకరు ఎత్తేవారు. తర్వాత మానేశారు. శనివారం షిఫ్టు దిగి గేటు దాటితే అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. క్లాసులో అయినా అంతే. చేతులు ఎత్తి కాచుకున్న మనిషి దగ్గరికి ఎవరొస్తారు?

"అన్నా, నా మాట వినిపిస్తా ఉందా?"

తమిళ్‌సెల్వి మోకాళ్ల మీద కూర్చుని అతని తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె అరచేతులు చల్లగా ఉన్నాయి. శ్రీరంగప్ప వెంటనే కళ్లు తెరవలేదు.

"పేరు చెప్పండి."

"శ్రీరంగప్ప."

"ఇప్పుడు యాడ ఉండారు?"

"ఈడే."

ఆమె చైత్ర వైపు తిరిగింది. "స్పారింగ్‌లో అంత బలంగా ఎవురు తన్నమన్నారు నిన్ను? రెండు వారాలు మ్యాట్ ఎక్కొద్దు."

చైత్రకు ఇరవై ఏళ్లు. వచ్చే నెలలో కృష్ణగిరిలో జిల్లా పోటీలు, వాటికోసమే తళి నుంచి రోజూ బస్సులో వస్తోంది. ఆ పిల్ల తన కుడిపాదం కేసి చూసుకుంది, అంతే. శ్రీరంగప్ప మెల్లగా లేచి కూర్చున్నాడు.

కింది వీధి డాక్టరు అతని కళ్లలోకి టార్చి వేసి చూశాడు. నాలుగడుగులు నడిపించాడు.

"పైకేమీ కనబడటం లేదు. అయినా తలకు తగిలి పడిన మనిషి. ఈ రోజంతా ఒంటరిగా వదలొద్దు. గంటకోసారి మాట్లాడిస్తూ ఉండండి. వాంతి అయితే వెంటనే తీసుకురండి. ఇంట్లో ఎవరున్నారు?"

శ్రీరంగప్ప గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

"మా ఇంటికి పిల్చుకుపోతాను," అంది చైత్ర.

బస్సులో కిటికీ పక్క సీటు అతనికిచ్చి, అతని బ్యాగు తన ఒళ్లో పెట్టుకుంది. ఊరు దాటాక చల్లగాలి మొదలైంది. రోడ్డుకు రెండు పక్కలా పూలతోటల మీద ప్లాస్టిక్ పైకప్పులు తెల్లగా మెరుస్తున్నాయి.

"తల నొస్తా ఉందా అంకుల్?"

"కొంచెం."

ఇంటి ముందు చైత్ర తల్లి మునెమ్మ గులాబీలు కట్టలు కడుతోంది. తల్లీకూతుళ్లు వంటింట్లోకి వెళ్లి కాసేపు మాట్లాడుకున్నారు. మునెమ్మ బయటికొచ్చి చాప పరిచి, దిండు వేసింది.

"రాన్నా, కూర్చో. ఆకలితో ఉండొద్దు."

రాగి ముద్ద, అనపగింజల సారు. సగం తినకముందే ఇంకో ముద్ద కంచంలో పడింది. పాతికేళ్ల మెస్సు భోజనంలో అడగకుండా రెండోసారి వడ్డించిన చెయ్యి అతనికి గుర్తు లేదు.

తర్వాత గంటగంటకూ ప్రశ్నలు.

"నీ పేరేందన్నా?"

"శ్రీరంగప్ప."

"మీ అమ్మ పేరు?"

చెప్పాడు. డాక్టరు అడగమన్నవి అక్కడితో సరి. మునెమ్మ మాత్రం ఆగలేదు. మీ చేను యాడుంది, ఏం పెట్టేవాళ్లు, అన్నదమ్ములు వచ్చిపోతా ఉండారా, జ్వరమొస్తే గంజి ఎవురు కాస్తారు? అతను గులాబీలు కట్టలు కడుతూ అన్నిటికీ జవాబు చెప్పాడు. ముల్లు గుచ్చుకుంటే చైత్ర పసుపు తెచ్చింది. మాట్లాడి మాట్లాడి మధ్యాహ్నానికి అతని గొంతు బొంగురుపోయింది.

ఎండ వాలింది. మునెమ్మ చివరిసారిగా అడిగింది.

"ఈ పొద్దు ఏ వారమన్నా?"

శ్రీరంగప్ప చాలాసేపు ఆలోచించాడు. "శనివారం."

మునెమ్మ కూతురి వైపు చూసింది. "ఇంకా కుదురుకోలేదు. ఈ బస్సు పోనీ. టీ తాగి తర్వాతి దానికి పోదువులే."

టీ తాగుతుంటే మేకుకు తగిలించిన చైత్ర గ్లవ్స్ కనబడ్డాయి. పొద్దున క్లాసులో అందరి ముందూ తల దించుకుని నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. సగం టీ గ్లాసులోనే ఉండిపోయింది.

బస్టాపు దాకా చైత్ర తోడు వచ్చింది. మలుపు దగ్గర బస్సు హారన్ వినిపించింది. ఇక ఆలస్యం చేస్తే చెప్పలేననిపించింది శ్రీరంగప్పకు.

"రేపు మాస్టర్‌తో నేను మాట్లాడతాను. నీ తప్పేం లేదు చైత్రా. పొద్దున నేను పడింది..."

 చైత్ర అతని బ్యాగు చేతికందించింది.

"నా కాలు మీకు తగల్లేదని అమ్మకు ఇంటికి రాంగానే చెప్పినాను మామా."