తలుపు అద్దం

"అమ్మా, మీ గొంతులో మెనింజైటిస్ క్రిమి ఉంది. మీకేమీ కాదు గానీ లోపలున్న పాపకు ప్రమాదం. మందు వేసుకుని రేపు రండి," అంది తలుపు మర్యాదగా.

సుగుణ తలుపు మీది గొట్టంలోకి మళ్లీ ఊదింది. మళ్లీ అదే మాట.

ఆమె కూతురు లాస్య రక్తంలో ఆ క్రిమిని చంపే ప్రోటీన్ పుట్టుకతోనే లేదు. మొదటిసారి జబ్బు చేసినప్పుడు ప్రాణం దక్కింది, వినికిడి పోయింది. అలాంటి పిల్లలున్న ఇళ్లన్నింటికీ ఇప్పుడు ఊపిరి చూసి తెరుచుకునే తలుపులే. సొంత తమ్ముణ్ణి ఆపిన రోజు సుగుణ ఈ తలుపుకు దండం కూడా పెట్టింది.

పొద్దున ఒళ్లు వెచ్చగా ఉందని బడి మాన్పించిన లాస్య లోపల గోడ పట్టుకుంటూ తలుపు దాకా వచ్చింది. ముంజేయి తలుపు అద్దానికి ఆనించి, దాని పక్కనే నుదురు ఆనించింది.

"మెడ వంగుతలేదమ్మా. వెలుగు చూస్తే కండ్లు గుంజుతున్నయ్."

ముంజేతి మీద ఊదారంగు మచ్చలు. మామూలు దద్దయితే అద్దానికి అదిమినప్పుడు పాలిపోతుంది. ఇవి పాలిపోలేదు, మొదటిసారి జబ్బు చేసినప్పటిలాగే.

సుగుణ అంబులెన్సును పిలిచింది.

"తలుపు తియ్యి! ఆ క్రిమి ఎప్పుడో లోపలికొచ్చింది. ఇంక నన్నాపి ఏం జేస్తవ్?"

"పాప ప్రమాదంలో ఉందమ్మా. అందుకే తీయను."

వరండాలోని కలబంద కుండీ ఎత్తింది. కానీ అద్దం అవతల ఆ నుదురు అలాగే ఉంది. అరిచినా వినపడదు. కుండీ దించి, నుదురు ఆనిన చోటే వేళ్లతో తట్టింది. ఆ అదురుకు లాస్య కళ్లు తెరిచింది. సుగుణ చేత్తో సైగ చేస్తే వెనక్కి జరిగింది.

అద్దం భళ్లున పగిలింది.

కూతుర్ని భుజాన వేసుకుని సుగుణ మెట్లు దిగుతుంటే, వెనక పగిలిన తలుపు ఇంకా చెబుతూనే ఉంది: "రేపు రండి."