పేను దిగిన చేప

ఏట్లో నీళ్ళు ఇంకా నీళ్ళలాగే ఉన్న రోజుల్లో ఒక ముసలి బొచ్చె చేప ఉండేది. దాని మొప్ప కింద నెత్తురు తాగే పేను ఒకటి కాపురం పెట్టింది. బొచ్చె రోజూ రాయికేసి ఒళ్ళు రుద్దుకుంటూ, "నీ దుంప తెగ, దిగవే!" అని తిట్టేది.

"ఇంత కమ్మని నెత్తురు వదులుకుని ఎక్కడికి పోను వదినా?" అని నవ్వేది పేను.

ఒకరోజు ఫ్యాక్టరీ తూములోంచి నల్లనీళ్ళు వచ్చి ఏటిని ముంచెత్తాయి. పేను తనంతట తానే దిగిపోయింది.

"పీడ విరగడైంది!" అని బొచ్చె రొప్పుతూనే సంబరపడింది.

"నీ నెత్తురు విషమైపోయింది వదినా. వేరే చేపను వెతుక్కుంటా," అని పేను ఏరంతా గాలించింది. ఎటు చూసినా వెల్లకిలా తేలే చేపలే. సాయంత్రానికి తిరిగొచ్చి, పాత చోటే అతుక్కుంది.

బొచ్చె ఈసారి రాయి వైపు కదల్లేదు.

"ఉండవే," అంది. "ఏట్లో ఇంకా ఊపిరున్నది మనిద్దరికే."