మైసయ్య నాడి

వైద్యలోకానికీ, వ్యాయామశాస్త్రానికీ, సూర్యాపేట తాలూకాలోని సమస్త గొర్రెలకూ శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. వాటికి నావల్ల జరిగిన నష్టమేమీ లేదు.

రెండేళ్ల కింద, 1947 ఎండాకాలంలో, మద్రాసులో వ్యాయామశాస్త్రం సగం చదివి, సెలవులకు మా ఊరు చివ్వెంలకు వచ్చాను. కనబడినవాడినల్లా కూర్చోబెట్టి నాడి లెక్కపెట్టాను. అందరికీ నిమిషానికి డెబ్బైకి పైనే. మందతో మఠంపల్లి దాకా, కృష్ణ ఒడ్డుకు నడిచిపోయే గొర్రెల కాపరి మైసయ్యకు మాత్రం నలభై నాలుగు.

"గుండెల బలం లేదు మైసయ్యా. ఇగ నడిస్తివా, ఖతం!" అన్నాను, పెద్ద డాక్టరులా.

ఆ సాయంత్రమే అతను మందను అల్లుడికి అప్పగించాడు.

మిగిలిన సగం చదువులో తెలిసింది. మైళ్లకు మైళ్లు నడిచేవాడి గుండె గట్టిపడుతుంది, నెమ్మదిగా కొట్టుకున్నా సరిపోతుంది. ఇప్పుడు ఆ పాఠం కాలేజీలో నేనే చెబుతున్నాను.

తప్పు ఒప్పుకుందామని మొన్న సూర్యాపేటలో బస్సు దిగి, మైసయ్య ఇంటికి వెళ్లాను. మంచంలో ఉన్నాడు. పిక్కలు కరిగిపోయాయి. బయట గొర్రె అరిస్తే తల అటు తిప్పాడు. నన్ను చూసి చెయ్యి చాపాడు.

"జర సూడు డాక్టరు పటేలా. నువ్వు చెప్పినట్టే గడప దాటలే. నయమైందా?"

లెక్కపెట్టాను. డెబ్బై ఆరు. రెండేళ్ల మంచం ఆ గట్టి గుండెను మా అందరి గుండెలాగే చేసింది.

"మంచిగైంది," అన్నాను.

"నా పానం నిలబెడితివి పటేలా!" అని రెండు చేతులూ జోడించాడు.

నేను నిజంగా చేసింది ఒక్కటే. ఆ దండం తీసుకున్నాను.