నలభై గంటల సంతకం

నాన్న వెల్డింగ్ మాస్టారు లైసెన్సు రెన్యువల్ అవ్వాలంటే, ఏదైనా వర్క్‌షాపులో నలభై గంటలు పనిచేసినట్టు సంతకం కావాలి. లైసెన్సు లేకపోతే ఈ పరాయి దేశంలో ఉండనిచ్చే ఇఖామా లేదు. చేతులు వణికి నాన్న ఇప్పుడు వెల్డింగ్ హోల్డరే పట్టలేడు.

"జలంధర్ నా శిష్యుడే బిడ్డా, కండ్లు మూసుకొని పెడ్తడు" అని నన్ను అమ్ఘరాలోని అతని వర్క్‌షాపుకు పంపాడు.

ఫారం చదివి ఫోర్‌మన్ జలంధర్ తల దించుకున్నాడు. "చెల్లే, చూడని వెల్డింగుకు సంతకం పెడితే ఎవని మీదనో కూలుతదని సారే నేర్పిండు. నాతోని కాదు."

ఆ మాట చెప్తే నాన్న తిడతాడనుకున్నాను. తిట్టలేదు, తన అరచేతులు చూసుకున్నాడు.

"గా మాట వానికి ఇంకా యాదున్నదా?"

"ఉంది నాన్నా."

"మంచిగనే నేర్పిన" అని కళ్ళు తుడుచుకున్నాడు. "ఇగ సామాను సదురు, బిడ్డా."