దండోరా లేని వీధి

అఖిలాండం లెక్క చెబుతుంటే రాజగోపాలన్ రాసుకుంటున్నాడు.

"తూర్పు వీధిలో పదిళ్లు చూసినాను సార్. ఏడిళ్లలో పొయ్యి మీద తాగే నీళ్లు కాగుతా ఉండాయి."

"పడమటి వీధిలో?"

ఆమె చెంగు వేలికి చుట్టుకుంది. "పదింట్లో ఆరు."

పెన్ను ఆగింది.

రాజపాళయం చుట్టుపక్కల కలరా తిరుగుతున్న రోజులవి. నీళ్లు కాచి తాగమని దండోరా వేస్తే జనం వింటారా, వినరా? అది తేల్చడానికే, యుద్ధం మధ్యలో, సర్కారు ఉద్యోగి రాజగోపాలన్‌ను మద్రాసు నుంచి పంపారు. తూర్పు వీధిలో వారం రోజులు దండోరా వేయించాడు. పోల్చి చూడడానికి పడమటి వీధిలో వేయించలేదు. ఇళ్లలోకి వెళ్లి చూసి రావడానికి ఊరి బడిలో చదువుకున్న అఖిలాండాన్ని పెట్టుకున్నాడు.

దండోరా పనిచేస్తుందని తేలితే శుక్రవారం నుంచి పక్క ఊరు సత్రపట్టిలో వేయిస్తారు. అక్కడ అఖిలాండం అక్క పాప్పమ్మాళ్ ఉంది, ఇద్దరు పసిపిల్లలతో. ఆమె వీధిలో నిన్ననే రెండు పాడెలు లేచాయి.

వాకిట్లో కూర్చున్న, దండోరా వేసే ఇరులప్పన్ వైపు రాజగోపాలన్ తిరిగాడు.

"ఏమప్పా, పడమటి వీధిలో కూడా డప్పు కొట్టినావా? నిజం చెప్పు. యుద్ధకాలం ఇది. సర్కారు పని చెడగొట్టినోళ్లకి జైలే."

"అయ్యో సామీ! నా డప్పుకేమైనా కాళ్లుండాయా, అదే నడిచి పోయేదానికి? ఆ వీధి మొన కూడా నేను తొక్కలేదు."

"అట్లయితే ఏడుకీ ఆరుకీ ఏం తేడా? ఒక్క ఇల్లు. చెప్పేవాళ్లు లేకపోయినా జనం వాళ్లంతట వాళ్లే కాచుకుంటా ఉండారు. దండోరా దండగ."

"పదిళ్లు చాలవు సార్," అంది అఖిలాండం.

"అన్నం ఉడికిందా అని కుండంతా పిసుకుతామా అమ్మా? ఒక్క మెతుకు చాలదా?"

"ఒకే కుండయితే చాలును సార్. ఇవి ఇంటికో కుండ. పడమటి వీధి వదిలేసి ఇంకో వీధి చూద్దాం సార్."

"నీకు కావలసిన జవాబు వచ్చేదాకా వీధులు మారుస్తా పోతావా?" రాజగోపాలన్ నవ్వాడు. "విను. దండోరాకి లేని ఫలితాన్ని ఉందనేది ఒక తప్పు. ఉన్నదాన్ని లేదనేది ఇంకో తప్పు. మొదటిది చేసినానంటే పైవాళ్లు నన్ను నిలబెట్టి అడుగుతారు."

"రెండోది చేస్తే?"

"అది ఎవరికీ తెలియదు."

కాగితం మీద సంతకం పడింది.

"శుక్రవారం సత్రపట్టి వద్దు, ఇరులప్పా. పటాలంలో చేరేదానికి మనుషులు కావాలంట. తళవాయిపురం పోయి దానికి దండోరా వెయ్యి."

"సరే సామీ." ఇరులప్పన్ డప్పు భుజానికి తగిలించుకున్నాడు. అఖిలాండం వైపు చూసి ఆగాడు. "ఏం తాయీ, ఎందుకట్లా చెంగు నలుపుతా ఉండావు? జైలన్నది నన్ను కదా!"



పడమటి వీధిలో ఆ ఆరు పొయ్యిల మీదికీ నీళ్లు ఎక్కించింది, వారం రోజులుగా పెరటి గుమ్మం గుమ్మానికీ తిరిగి, 'బిడ్డలకైనా కాచి పొయ్యండక్కా' అని రహస్యంగా కాళ్లు పట్టుకున్న అఖిలాండమే.