తోలు చేతుల జాకెట్

"ఆగాగు! దాన్ని మెషీన్లో వెయ్యకు తల్లీ!"

కెల్సీ ఉలిక్కిపడి తిరిగి చూసింది. లాండ్రీ బెంచీ మీద ఒక ముసలావిడ. కాళ్ల దగ్గర ప్రయాణపు సంచీ.

కెల్సీ చేతిలో ఉన్నది స్కూలు జాకెట్. ఊలు గుడ్డ, తోలు చేతులు, ఎడమవైపు ఎత్తుగా కుట్టిన పచ్చటి అక్షరం, స్కూలు పేరులో మొదటిది. స్కూలు తరఫున ఆడి గెలిచినవాళ్లకే ఇస్తారు. మూడేళ్లు పరిగెత్తాక కెల్సీకి ఈ వారమే చేతికొచ్చింది. ఒక్కసారైనా సరిగ్గా వేసుకోకముందే దాని మీద కోకో ఒలికింది. సాయంత్రం స్కూలు విందులో అందరి ముందూ వేసుకోవాలి.

"మరక పోవద్దా బామ్మగారూ?"

"మరకతో పాటు జాకెట్ కూడా పోతుంది. ఊలు ముడుచుకుపోతుంది, తోలు పగులుతుంది. ఇలా తే."

ఆవిడ చన్నీళ్లలో గుడ్డ తడిపి, గట్టిగా పిండి, మరక మీద అద్దసాగింది.

"రుద్దితే తొందరగా పోతుంది కదా?"

"నీ మొహం అలా రుద్దితే ఊరుకుంటావా?"

అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేళ్లు మరీ నెమ్మదించాయి.

"ఫ్యాను గాలికి ఆరబెట్టు. హీటర్ దగ్గరికి పోనివ్వకు. వెడల్పాటి చెక్క హ్యాంగర్‌కే తగిలించు, తీగదైతే భుజాలు సాగిపోతాయి. ఎండాకాలం ప్లాస్టిక్ సంచీలో పెట్టావంటే బూజే. పాత దుప్పటి చుట్టి, పక్కన దేవదారు చెక్క ముక్క పడెయ్. పురుగు చేరదు."

"ఇవన్నీ మీకెలా తెలుసు? మీ ఆయనకుండేదా?"

"మా అన్నకు. వాడు వేసుకుని తిరిగేవాడు, నేను శుభ్రం చేసేదాన్ని."

కెల్సీ నవ్వింది. "నాకింక ఒక్కటే మిగిలింది బామ్మగారూ. నీళ్ల ట్యాంకు గుట్ట పరుగు. స్కూలు జిమ్ గోడ మీద ఆర్. హాల్వర్సన్ అని తాతల కాలం నాటి పేరొకటి ఉంది. ఆ రికార్డు ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు. వాడివి కాళ్లో రెక్కలో!"

"ఇంటికెళ్లి ఆవుల పాలు పితికే వేళ మించిపోతోందేమో, పాపం!" ఆవిడ కిసుక్కున నవ్వింది.

మరక పోయింది. అయినా ఆవిడ జాకెట్ వెంటనే ఇవ్వలేదు.

"ఒక్కసారి వేసుకుని చూడనా తల్లీ?"

కెల్సీ తటపటాయించింది.

"అమ్మో, వద్దు బామ్మగారూ. గెలుచుకోనివాళ్లు వేసుకోకూడదు. మా అమ్మ అడిగితేనే ఇవ్వలేదు."

ఆవిడ ముఖం చిన్నబోయింది. అంతలోనే సర్దుకుంది.

"నిజమే. వేసుకోకూడదు."

జాకెట్ నలగకుండా కెల్సీ చేతుల మీద పరిచి, సంచీ తీసుకుని, లాండ్రీ ముందు వచ్చి ఆగిన ఒరెగాన్ బస్సు వైపు చకచకా నడిచింది.

సాయంత్రం విందులో కోచ్ గ్రాబర్ జాకెట్‌ను ఎగాదిగా చూశాడు.

"కోకో మరక ఏదీ?"

"లాండ్రీలో ఒక బామ్మగారు పోగొట్టారు. ఒరెగాన్ బస్సు కోసం కూర్చున్నారు."

"అరె, రాగ్నా హాల్వర్సన్! ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. పొద్దున జిమ్‌కి వచ్చి గోడ మీద తన పేరు చూసుకుని వెళ్లింది."

కెల్సీ జాకెట్ మీది అక్షరాన్ని వేలితో తడిమింది. మెల్లగా అడిగింది.

"మరి ఆవిడ జాకెట్ ఏమైంది?"

"ఆ రోజుల్లో ఆడపిల్లలకు ఇచ్చేవాళ్లు కాదమ్మా. ఆ పరుగులో ఆమె వెనకాల రెండోవాడిగా వచ్చిన వాళ్ల అన్నకిచ్చారు."