దవాఖాన వేళ

బయట కూలీలను చేన్లకు తీసుకుపోయే ఆటో ఆగకుండా హారన్ కొడుతోంది. పంచాయతీ ఆఫీసులో ఊరి ఆరోగ్య కమిటీ మీటింగు ఇంకా అయిపోలేదు.

"గర్భిణులు పరీక్షలకు వస్తలేరు. అవగాహన లేదు," అంటూ డాక్టర్ రోహిణి రాసుకుంటోంది.

మణెమ్మ లేచి నిలబడింది. "ఎందుకు లేదు మేడం? మా కోడలు శ్యామలకు ఏడో నెల. కాళ్లు వాచినయ్. దవాఖానకు మూడుసార్లు తోల్కపోయిన. మూడుసార్లూ తాళమే ఉన్నది."

"ఎన్నింటికి పోయిన్రు?"

"చేను కాడికెల్లి వచ్చినంక, ఆరింటికి."

"దవాఖాన నాలుగింటికే మూస్తరు కదమ్మా!"

"నాలుగింటికి మేం మిరప చేన్ల ఉంటం. మరి గా దవాఖాన ఎవరి కోసం?"

రోహిణి తాను రాసింది కొట్టేసింది.

"శ్యామలను ఇప్పుడే చూస్త, పిలిపించుండ్రి. దవాఖాన ఎన్నింటికి తెరవాల్నో మీరే చెప్పుండ్రి. గట్లనే పై ఆఫీసర్లకు రాసి పంపుత."

మూడేండ్లుగా మణెమ్మ ఈ కమిటీలో సభ్యురాలు. వేలిముద్ర వెయ్యమన్నారే గాని, చెప్పమని ఎవరూ అడగలేదు.

గోడ పక్కన కూర్చున్న ఆడవాళ్ల వైపు తిరిగింది.

"ఏమంటరే? ఎన్నింటికి తెరవమందాం?"

అందరూ ఒక్కసారే మాట్లాడారు.